మాట యాదికుంటది, చెప్పినోడు యాదికుండడు

(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మిరుగుకు ముందు మన నిర్మల్, భైంసా, ముధోల్ పల్లెల్లో విత్తనాల బేరగాళ్లు తిరుగుతారు. "ఇది బీటీ-3. గడ్డిమందు కొడితే కలుపు చస్తది, పత్తి చావదు. కైకిలి పైసలు మిగులుతయి" అంటారు. ఆ రోజు మనం నమ్మం. కమీషన్ కోసం చెబుతున్నాడని పంపేస్తాం. నెల గడిచి విత్తనం కొనే నాటికి ఆ మాటే మన నోట్లో ఉంటుంది. ఎవరు చెప్పారని అడిగితే "అందరూ అంటున్నరు" అంటాం.

ఇది మన ఒక్కరి బలహీనత కాదు. 1951లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ హోవ్‌లాండ్, వాల్టర్ వైస్ దీన్ని పరీక్షించారు. ఒకే వ్యాసాన్ని కొందరికి నమ్మదగ్గవారి పేరుతో, కొందరికి నమ్మలేనివారి పేరుతో చదివించారు. మొదట నమ్మదగ్గ పేరే ఎక్కువ పనిచేసింది. నాలుగు వారాలకు ఆ తేడా పోయింది. నమ్మదగ్గవారి మాట బలం తగ్గింది, నమ్మలేనివారి మాట బలం పెరిగింది. 1953లో హెర్బర్ట్ కెల్మన్, హోవ్‌లాండ్ ఇంకో సంగతి చూపారు. మూడు వారాల తర్వాత, చెప్పింది ఎవరో మళ్లీ గుర్తు చేస్తే పాత తేడా తిరిగొచ్చింది.

మనకు దీనితో ఏం పని? మన దేశంలో బీటీ పత్తికి 2002లో, బోల్‌గార్డ్-2కు 2006లో అనుమతి వచ్చింది. గడ్డిమందు తట్టుకునే పత్తికి సాగు అనుమతి లేదు. దొంగచాటుగా అమ్మే ఆ విత్తనానికి బిల్లు ఇవ్వరు. మొలవకపోతే పరిహారం అడగడానికి చేతిలో కాగితం ఉండదు. గడ్డిమందును తట్టుకునే గుణం గులాబీ రంగు పురుగును ఆపదు. గాలికి మందు పక్క చేను మీద పడితే ఆ పైరు మాడుతుంది. కలుపు కూలీల కరువు నిజమే. ఆ బాధ నిజం కాబట్టే బేరగాని మాట మనసులో నాటుకుంటుంది.

అందుకని మూడు పనులు చేద్దాం.

ఒకటి, మాట వినకముందే అడగండి: నువ్వెవరు, ఇది అమ్మితే నీకేం వస్తుంది? ముందే తెలిసిన అనుమానం ఎక్కువ కాలం నిలుస్తుంది.

రెండు, నోటుబుక్కులో రాయండి: ఏం చెప్పాడు, ఎవరు, ఏ తారీఖు, బిల్లు ఇస్తాడా లేదా. కొనే ముందు ఆ పేజీ తీసి చూడండి.

మూడు, వ్యవసాయ విస్తరణ అధికారి, శాస్త్రవేత్త చెప్పిన మంచి మాట కూడా ఇట్లే చల్లబడుతుంది. ఎండాకాలంలో ఒక్కసారి చెప్పి వదిలేస్తే లాభం లేదు. విత్తనం కొనే వారంలో రైతు వేదికల దగ్గర, ఎవరు చెప్పారో పేరుతో సహా, సంఘం మళ్లీ చెప్పాలి.

విత్తనం సంచి మీద లాట్ నంబరు చూసి కొంటాం. మాటకు కూడా అట్లాంటి గుర్తు అడుగుదాం. వచ్చే సమావేశానికి ఎవరి నోటుబుక్కు వాళ్లు తీసుకురండి, కలిసి చూద్దాం.