అదోలా ఉంది



కొరాపుట్ జిల్లా సునాబెడాలో ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం 2009లో ఏర్పడింది. రాయగడ జిల్లా గుణుపూర్‌లోనూ ఒక విశ్వవిద్యాలయం ఉంది. మన సరిహద్దు ప్రాంతంలో తెలుగు, ఒడియా, దేశియా, కువి మాట్లాడే ఇళ్లు పక్కపక్కనే ఉంటాయి. పై చదువుకు వెళ్లిన పిల్లలు తరగతిలో ఇంగ్లీషుతో, హాస్టల్లో ఒడియాతో నెట్టుకొస్తారు. దిగులు మాత్రం అమ్మ భాషలోనే వస్తుంది.

తెలుగు పిల్లవాడు "మనసు అదోలా ఉంది" అంటాడు. అదే మాట ఒడియాలో చెప్పాలంటే వాడికి దొరికేది "దేహ భల నాహిం" ఒక్కటే. వార్డెన్ పాపం జ్వరం మాత్ర ఇచ్చి పంపిస్తారు. ఆయన విన్నది ఒంటి సంగతి మరి!

విశాఖపట్నంలో నీట్ పరీక్షకు చదువుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేక అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలో అర్హత గల సలహాదారు ఒక్కరైనా ఉండాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. నా మటుకు నాకు ఈ రెండోదే ముఖ్యమనిపిస్తుంది. కంచంలో అన్నం వదిలేస్తున్న పిల్లను ముందుగా చూసేది మెస్సులో వడ్డించే మనిషి కదా. అన్నట్టు, ఆ సిబ్బంది మాటో? ఇల్లు వదిలి, కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో తెలియక పాఠం చెప్పే అధ్యాపకుణ్ణి "మాస్టారూ, మీరెలా ఉన్నారు?" అని అడిగేవారు అరుదు.

నిద్ర లేకపోవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకపోతేనే నయం" అనడం కనిపిస్తే చాటుమాటుగా కాక సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయం అక్కరలేదు. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పోలీసు కేసు అవుతుందని జంకవద్దు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటి మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే చూస్తుంది.

ఇంటినుంచి ఫోను చేసే తల్లిదండ్రులకు ఒక మాట. "తిన్నావా? మార్కులెన్ని?" దగ్గరే ఆగకండి. "ఆఁ" అని ఊరుకుంటే కాసేపు ఫోను పెట్టేయకుండా ఉండండి.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ-మానస్ సేవ ప్రారంభించింది. నంబరు 14416. రాత్రయినా పగలైనా ఉచితం. ఒడిశాలో ఉన్నాం, తెలుగులో ఎవరు వింటారనుకోవద్దు. తెలుగు, ఒడియా రెండూ అందులో ఉన్నాయి. ఈ అంకెలు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలని కూడా కోర్టు చెప్పింది. మీ పిల్లల హాస్టలు గోడమీద లేకపోతే, ఈసారి వెళ్లినప్పుడు వార్డెన్‌గారిని అడిగి రాయించండి.