మృదంగానికో లెక్కల పుస్తకం

(సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్ నుంచి వచ్చాను. పేరు పలకడానికి నోరు తిరగకపోయినా ఫర్వాలేదండీ, పక్కనే రామ్‌స్టైన్ స్థావరంలో ఉండే అమెరికన్లు కూడా కష్టపడలేక ‘కె-టౌన్’ అనేస్తారు. పగలు సాఫ్ట్‌వేర్ రాస్తాను. సాయంత్రాలు, శనివారాలు మృదంగం వాయిస్తాను, నేర్పిస్తాను. ‘అభిరుచిని వృత్తిగా మలచుకోవడం ఎలా’ అన్న అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగితే కాస్త తటపటాయించాను. ఉద్యోగానికి రాజీనామా చేసి, కళను నమ్ముకుని పైకొచ్చిన కథ నా దగ్గర లేదు. నా దగ్గర ఉన్నదల్లా ఒక లెక్కల పుస్తకం. అది ఎందుకు మొదలుపెట్టానో చెబుతాను.

కొన్నేళ్ల క్రితం ఒక ఊళ్లో జరిగిన ఉత్సవానికి నలుగురు కళాకారులను తీసుకురమ్మన్నారు. ‘మీ ఖర్చులు, పారితోషికం అంతా మేం చూసుకుంటాం, మీరు నిశ్చింతగా రండి’ అన్నారు. కచేరీ బాగా జరిగింది. నలుగురికీ శాలువాలు కప్పారు, మెమెంటోలు ఇచ్చారు, ఫోటోలు తీశారు. డబ్బు మాత్రం రాలేదు. రెండుసార్లు ఫోన్ చేశాను, మూడోసారి నాకే మొహమాటం వేసింది. వయొలిన్ వాయించిన అమ్మాయికి అదే జీవనాధారం. నా మాట మీద వచ్చింది కాబట్టి ఆమెకు, మిగతా ఇద్దరికీ నా జేబులోంచే ఇచ్చాను. మొత్తం 600 యూరోలు. ఆ రాత్రి మా ఆవిడ ఒకటే మాట అడిగింది: ‘ఆఫీసులో కాగితం మీద సంతకం లేకుండా ఒక్క లైను కోడైనా రాస్తారా?’ రాయను. ఇక్కడ మాత్రం నోటిమాట మీద నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లాను. తప్పు వాళ్లది ఎంతో నాదీ అంతే.

ఆ తర్వాత ఒక ఆదివారం మా ఊరికి పదిహేను కిలోమీటర్ల లోపే ఉన్న మాకెన్‌బాఖ్ అనే చిన్న ఊరికి వెళ్లాను. అక్కడ సంచార వాద్యకారుల మ్యూజియం ఉంది. మా ప్రాంతాన్ని ‘సంగీతకారుల సీమ’ అంటారని అంతవరకూ నాకు తెలియనే తెలియదు. 19వ శతాబ్దంలో ఇవి నిరుపేద పల్లెలు. నేల సారం తక్కువ, పిల్లలు ఎక్కువ. దాంతో బాకాలు, క్లారినెట్లు, ఫిడేళ్లు పట్టుకుని బయల్దేరారు. ముందు చుట్టుపక్కల దేశాలు, తర్వాత ఇంగ్లండ్, అమెరికా, ఆస్ట్రేలియా దాకా వెళ్లారు. వీధుల్లో వాయించారు, సర్కస్‌లలో వాయించారు, ఓడల్లో వాయించారు. 20వ శతాబ్దం మొదటి నాటికి వాళ్ల సంఖ్య వేలల్లో ఉంది. ‘మాకెన్‌బాఖర్’ అంటే ఆ ఊరివాడని కాక, ఊరూరా తిరిగే వాద్యకారుడని అర్థం వచ్చేంతగా పేరు పడింది.

నన్ను ఆకట్టుకున్నది వాళ్ల సంగీతం కాదు, వాళ్ల పద్ధతి. ప్రతి బృందానికీ ఒక నాయకుడు. ఎవరికి ఎంత జీతం, ఎంతకాలం, ఏ వాద్యం అన్నది బయల్దేరక ముందే ఒప్పందం రాసుకునేవారు. ఒక్కొక్కరూ రెండు మూడు వాద్యాలు నేర్చుకునేవారు, వీధిలో బాకా, హాల్లో ఫిడేలు. బడి చదువు ముగిసిన కుర్రాళ్లను వెంట తీసుకెళ్లి పని నేర్పేవారు. చలికాలానికి చాలామంది ఇంటికి చేరుకుని కొత్త పాటలు సాధన చేసేవారు. విదేశాల్లో సంపాదించి ఊళ్లో ఇళ్లు కట్టుకున్నారు. మనకు తెలియని కథేం కాదుగా! 1914లో యుద్ధం వచ్చి సరిహద్దులు మూసేసింది, ఆ తర్వాత వృత్తి మళ్లీ మునుపటిలా కోలుకోలేదు.

ఆ మ్యూజియంలో నిలబడితే నాకు మన సురభి వాళ్లు గుర్తొచ్చారు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు గారు ‘కీచకవధ’తో మొదలుపెట్టిన నాటక సమాజం. అంతకుముందు ఆ కుటుంబాలది తోలుబొమ్మలాట. చిన్నప్పుడు మా నాన్నగారు డేరాకు తీసుకెళ్తే, ఆకాశంలో రెండు బాణాలు ఢీకొని నిప్పురవ్వలు రాలడం నోరు తెరుచుకుని చూశాను. ఇంజనీరింగ్ చదివాక అర్థమైంది, అదంతా తీగలు, కప్పీలు, దీపాలు, దాని వెనక ఒక కుటుంబం. నటించినవాడే తెర లాగుతాడు, టికెట్లు చింపినవాడే కాసేపటికి కిరీటం పెట్టుకుంటాడు. దుస్తులు కుట్టేదీ, తెరలకు రంగులేసేదీ ఇంటివాళ్లే. ఒక దశలో 36 దాకా ఉన్న సమాజాలు సినిమా వచ్చాక చివరికి ఐదుకు తగ్గాయి. అయినా నిలబడ్డాయి. 2013లో నాగేశ్వరరావు (బాబ్జీ) గారికి పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది వాళ్లు ఫ్రాన్స్‌లోని మెట్జ్ నగరంలో నాటకోత్సవానికి వచ్చి ఆడారు. (ఫ్రెంచివాళ్లు ఆ ఊరిని ‘మెస్’ అంటారు, మనవాళ్లకు భోజనం గుర్తొస్తుంది.) మెట్జ్ మా ఊరి నుంచి కారులో గంటన్నర. ఆ సంగతి నాకు అంతా అయిపోయాక తెలిసింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

సురభి వాళ్లు బి.వి. కారంత్ గారి దగ్గర ‘బస్తీ దేవత యాదమ్మ’ అనే నాటకం తయారుచేశారు. అది జర్మన్ రచయిత బ్రెష్ట్ నాటకానికి తెలుగు రూపం. కథ ఏమిటంటే, ఒక మంచి మనిషికి కాస్త డబ్బు దొరికి దుకాణం పెడుతుంది. అడిగినవాళ్లందరికీ కాదనలేక పెడుతుంది, దుకాణం మునిగిపోయే దశకు వస్తుంది. చివరికి తానే మగవేషం వేసుకుని, కఠినంగా మాట్లాడే చుట్టంగా వచ్చి లెక్కలు చక్కదిద్దుతుంది. కళాకారుడికి కావలసింది సరిగ్గా ఆ చుట్టమేనండీ. మా ఇంట్లో ఆ వేషం మా ఆవిడ వేస్తుంది. ఎవరైనా కచేరీకి పిలిస్తే ‘తను కనుక్కుని చెబుతుంది’ అంటాను. ఆమె ఈమెయిల్లో తేదీ, మొత్తం, సగం అడ్వాన్సు రాసి పంపుతుంది. మొదట్లో కొందరు నొచ్చుకున్నారు. ‘మనవాళ్ల దగ్గర కూడానా?’ అన్నారు. కేటరింగ్ వాళ్లకు, హాలు వాళ్లకు మనం ముందే కడతాం. మృదంగం దగ్గరే ‘మనవాళ్లం’ అవుతామా?

ఇక లెక్కల పుస్తకం. నాకు తొమ్మిది మంది విద్యార్థులు. వారానికి ఒక క్లాసు, మనిషికి 25 యూరోలు. సెలవులు, జ్వరాలు, పుట్టినరోజు పార్టీలు పోగా నెలకు మూడు క్లాసులు సాగితే గొప్ప. అంటే 675. అందులోంచి గది అద్దె, పెట్రోలు, పన్ను. ఆపైన మూతలు. ఇక్కడ చలికాలంలో హీటర్ గాలికి చర్మం బిగిసి శ్రుతి పైకి లేచిపోతుంది, ఒక్కోసారి మూత పగులుతుంది. ఎడమవైపు పెట్టడానికి రవ్వ ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరుకుతుంది కానీ, కుడివైపు మూత పాడైతే మాత్రం ఇండియా ప్రయాణం దాకా ఆగాల్సిందే. అందుకే రెండు మృదంగాలు అదనంగా ఉంచుకున్నాను. చేతికి మిగిలేది చూస్తే నా జీతంలో ఏ మూలకూ రాదు. కానీ నాలుగేళ్ల క్రితం ఈ లెక్కలో చివరి అంకె ముందు మైనస్ గుర్తు ఉండేది.

జర్మనీలో కొన్ని సదుపాయాలున్నాయి, తెలియక చాలామంది వాడుకోరు. 2019 నుంచి, 45 మందికి మించి ఉద్యోగులున్న సంస్థల్లో ఒక ఏడాది నుంచి ఐదేళ్ల దాకా పని గంటలు తగ్గించుకుని, గడువు తీరాక మళ్లీ పూర్తి సమయానికి తిరిగి వచ్చే హక్కు ఉంది. నేను అదే తీసుకుని వారానికి నాలుగు రోజులు పనిచేస్తున్నాను. కళే ప్రధాన జీవనమైన స్వతంత్రులకు 1983 నుంచి కళాకారుల సామాజిక బీమా ఉంది. పింఛను, ఆరోగ్య బీమా చందాలో సగం కళాకారుడు కడితే, మిగతా సగం వాళ్ల పనిని వాడుకునే సంస్థల నుంచి, ప్రభుత్వం నుంచి వస్తుంది. సంస్థలు కళాకారులకిచ్చే పారితోషికం మీద సుమారు 5 శాతం అదనంగా ఆ నిధికి కట్టాలి. అంటే కళను వాడుకున్నవాడు కళాకారుడి ముసలితనానికి కూడా కొంత బాధ్యుడని చట్టమే అంటోంది. నాది ఉద్యోగం కాబట్టి నాకు వర్తించదు, ఆ వయొలిన్ అమ్మాయికి వర్తిస్తుంది, ఆమె చేరింది. ఉద్యోగ వీసా మీదున్న తమ్ముళ్లు మాత్రం ముందు యజమానికి చెప్పి, విదేశీయుల కార్యాలయంలో స్వతంత్ర వృత్తికి అనుమతి తీసుకున్నాకే ఫీజు పుచ్చుకోండి. ‘చిన్న మొత్తమే కదా’ అనుకోవద్దు, కాగితాల దగ్గర ఈ దేశానికి చిన్నా పెద్దా తేడా లేదు.

మా అమ్మ ఫోన్లో ప్రతిసారీ అడుగుతుంది, ‘ఉద్యోగం మానేయవు కదా నాయనా’ అని. మానేయను అని చెప్పగలను, కానీ అది పూర్తి నిజం కాదు. నా నాలుగు రోజుల గడువు ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆ తర్వాత అయిదో రోజు ఆఫీసుకు తిరిగి ఇవ్వాలా, లేక మృదంగానికి శాశ్వతంగా రాసిచ్చేయాలా అన్నది తేలాలి. మా ఆవిడ పుస్తకం చివరి పేజీలో ఒక అంకె రాసి గీత గీసింది. విద్యార్థులు పదహారు మంది కావాలట. ప్రస్తుతం తొమ్మిది.

మీ పిల్లలెవరైనా మా వైపు చదువుకోడానికి వస్తుంటే, భోజనాల దగ్గర కనబడండి. మొదటి క్లాసు ఉచితం అందామనుకున్నాను, మా ఆవిడ ఒప్పుకోలేదు.