వీపున మూట – ఆండీస్ బాట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



1974వ సంవత్సరమున హిలరీ బ్రాడ్ట్ అను ఆంగ్ల వనితయు, ఆమె భర్తయగు జార్జి బ్రాడ్ట్ అను అమెరికా దేశస్థుడును కలిసి ఒక చిన్న పుస్తకమును వెలువరించిరి. దక్షిణ అమెరికాలోని పెరూ, బొలీవియా దేశములయందలి పురాతన మార్గముల వెంట మూట వీపున వేసికొని కాలినడకను పోవుట యెట్లో తెలుపుటయే దాని విషయము. దానిని వారు గ్రంథాలయములోనో, వ్రాతబల్ల యెదుటనో కూర్చుండి వ్రాయలేదు. అమెజాన్ మహానదిలో కలియు నొక ఉపనదిపై మెల్లగా సాగిపోవు పడవలో కూర్చుండి వ్రాసిరి. పేరున్న ప్రచురణకర్త యెవ్వడును వారి వెనుక లేడు. తమ పుస్తకమును తామే ప్రకటించుకొనిరి.

దారిని గూర్చి పుస్తకము వ్రాయుట తెలుగువారికి క్రొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830–31 సంవత్సరములలో చెన్నపట్టణము నుండి కాశికి పోయివచ్చుచు, మజిలీ మజిలీకి చూచినది చూచినట్లు వ్రాసిపెట్టిరి. ఆ గ్రంథమును చదివినవారికి ఆయన వెంట పల్లకీలు, బోయీలు, గుడారములు, పెద్ద పరివారము నడచిన సంగతి తెలిసియే యుండును. బ్రాడ్ట్ దంపతులు వ్రాసిన పద్ధతి అట్టిది కాదు. పడక, గుడారము, పొయ్యి, తిండి, మార్చుకొను బట్ట, సమస్తమును ఎవరి వీపున వారే మోయవలెను. దీనినే ఇంగ్లీషువారు బ్యాక్‌ప్యాకింగ్ అందురు.

ఇందులో మొదటి విద్య నడచుట కాదు, విడిచిపెట్టుట. ఇంటివద్ద మూట కట్టునప్పుడు ప్రతి వస్తువును అవసరమైనదిగానే తోచును. మొదటి కొండ సగము ఎక్కునప్పటికి వానిలో సగము అనవసరమని భుజములే చెప్పును. దంపతులకు ఇందొక లాభము కలదు. ఇద్దరికి గుడారమొకటే, పొయ్యి యొకటే, వంటగిన్నె యొకటే. ఒంటరివాడు మొత్తముగా మోయుదానిని వారు పంచుకొందురు. అలసట వచ్చినవేళ ఎవరి మూట బరువని తగవు పుట్టుటయు కలదు గాని, ఆ తగవు గృహస్థులకు ఎరుగనిది కాదు.

పెరూలో కొండ నెక్కదలచిన విదేశీయుడు సాధారణముగా ముందు లీమా నగరమున దిగును. సముద్రపు టొడ్డుననున్న ఆ రాజధాని ఎడారిలో నున్నదని వినుటకు వింతగా నుండును. కోనసీమవలె సముద్రము ప్రక్కననున్న నేల పచ్చగా నుండవలెనని తెలుగువాని తలంపు. అచ్చట అట్లు కాదు. పశ్చిమమున పసిఫిక్ మహాసముద్రము. తూర్పున ఆకాశము నంటు ఆండీస్ పర్వతములు. నడుమ వేల కిలోమీటర్ల పొడవున ఇసుక, రాయి. దక్షిణ ధ్రువము దిక్కునుండి ఉత్తరముగా పారు చల్లని సముద్రప్రవాహ మొకటి ఆ తీరము నంటియే పోవుచుండును. దానికి జర్మను శాస్త్రజ్ఞుడగు హుంబోల్ట్ పేరు పెట్టిరి. ఆ చల్లదనము వలన సముద్రముపై గాలి పైకి లేవక అడుగుననే నిలిచిపోవును; లేవని గాలి మేఘమై వర్షింపదు. తూర్పున అమెజాన్ అడవుల తేమగాలిని ఆండీస్ గోడవలె ఆపివేయును. కావున లీమాలో వాన యనునది పేరునకు మాత్రమే. చలికాలమున నెలల తరబడి మంచుతెర యొకటి నగరమును కప్పి యుండును గాని, అది బట్టలను తడిపినంతగా నేలను తడుపదు. ఇటీవలి దశాబ్దములలో నగర శివారు కొండవాలులపై నివసించు పేదలు పెద్ద వలలు నిలువున కట్టి, ఆ మంచునుండి చుక్క చుక్కగా నీరు పట్టుకొనుచున్నారు.

ఈ తీరమున కాలినడకను పోవువాని మూటలో అన్నిటికంటె బరువైనది నీరే. లీటరు నీరు కిలో బరువు. దానిని తగ్గించు ఉపాయమేదియు లేదు. అయినను మనుజులు ఆ సీమలో వేల సంవత్సరములుగా నివసించిరి. కొండలనుండి దిగు చిన్న చిన్న నదులు ఎడారిని చీల్చుకొని సముద్రమును చేరును. ప్రతి నదిలోయయు నొక పచ్చని పట్టె. దక్షిణమున నాస్కా ప్రాంతమున పూర్వులు భూగర్భమున కాలువలు త్రవ్వి, ఎచ్చటనో కొండక్రింద ఊరు నీటిని పొలములకు తెచ్చుకొనిరి. వానిలోనికి దిగుటకు శంఖమువలె చుట్లు చుట్లుగా దిగు గుంతలు కలవు. తెలుగుదేశపు దిగుడుబావిని చూచినవానికి వానిని చూడగనే ప్రయోజనము తెలియును. వానిలో కొన్ని నేటికిని పొలములకు నీరిచ్చుచున్నవి.

అదే నాస్కాలో బయలు మీద పక్షి, కోతి, సాలెపురుగు మొదలగు మహాచిత్రములును, మైళ్ల కొలది తిన్నని గీతలును కలవు. నల్లబారిన పైరాళ్లను తొలగించి అడుగుననున్న తెల్లని మన్ను కనబడునట్లు చేయుటయే వానిని గీచిన విధానము. వాన లేమి వలననే అవి రెండు వేల యేండ్లుగా చెరగక నిలిచినవి. జర్మనీనుండి వచ్చిన మరియా రైఖే అను గణితవేత్త 1940 దశకమునుండి ఆ ఎడారిలో నివసించి, చీపురుతో గీతలను తుడిచి, కొలిచి, పటములు వ్రాసి, వానిని కాపాడుటకే జీవితమును ధారపోసి 1998లో మరణించెను. వానను తట్టుకొను పని లేకపోయినను మనుష్యుల పాదములు, బండిచక్రములు వానికి చేటు. పెద్ద రహదారి వేసినప్పుడు ఒక బల్లి చిత్రము రెండు ముక్కలైనది.

ఆ సముద్రము తెలుగు రైతునకు పరాయిది కాదు. కొన్ని సంవత్సరముల కొకసారి ఆ చల్లని నీరు తొలగి వెచ్చని నీరు తీరమును కప్పును. క్రిస్మసు వేళ కనబడుటచే అచ్చటి బెస్తలు దానికి 'ఎల్ నిన్యో', అనగా బాలుడు, బాలయేసు అని పేరు పెట్టిరి. అప్పుడు పెరూ ఎడారిలో వరదలు వచ్చును, చేపలు పోవును; భారతదేశమున పలుమారులు ఋతుపవనము బలహీనమగును. రాయలసీమ వృద్ధుల నోట ధాతు కరువుగా నిలిచిన 1876–78 క్షామ కాలమున, 1877లో, పసిఫిక్ జలములు మిక్కిలి వేడెక్కియుండెను. 1904లో భారత వాతావరణ శాఖకు అధిపతియైన గిల్బర్ట్ వాకర్, ఋతుపవనము తప్పుటను ముందుగా కనుగొనవచ్చునా యని లోకమందలి లెక్కల నెల్ల పోల్చి చూచెను. మహాసముద్రములపై వాయుపీడనము త్రాసు తక్కెడలవలె ఒకవైపు హెచ్చిన వేరొకవైపు తగ్గునని ఆయన 1920 దశకమున తెలిపెను. ఎల్ నిన్యో వచ్చినప్పుడెల్ల మనకు కరువు వచ్చునని మాత్రము కాదు. 1997లో అది మహా ప్రబలమై వచ్చినను దేశమున వానలు చాలవరకు సక్రమముగనే కురిసెను.

ఇక కొండదారి. తిరుమల సముద్రమట్టమునకు సుమారు 850 మీటర్ల ఎత్తున నున్నది. ఇంకా చక్రవర్తుల రాజధానియగు కుజ్కో నగరము అంతకు నాలుగింతల ఎత్తున నున్నది. తితికాకా సరస్సు అంతకంటెను పైన, 3,800 మీటర్లకు మించిన ఎత్తున, సముద్రమువలె కానవచ్చును. క్రొత్తగా వచ్చినవానికి అచ్చట తలనొప్పి, వాంతి, ఆయాసము కలుగును. గాలి పలుచనగుటయే కారణము. బలవంతుడని విడుచునది కాదు, బలహీనుడని పట్టుకొనునదియు కాదు. తొందరపడి పైకి పోవుటయే ప్రమాదము. రెండు మూడు దినములు ఊరకుండుట, పిమ్మట మెల్లగా నెక్కుట దానికి మందు. నిదానము నేర్వని దంపతులకు ఆ కొండ నిదానమును నేర్పును.

ఆ సీమలో ఎత్తును బట్టియే పంట. దిగువ లోయలలో మొక్కజొన్న, దానిపైన బంగాళాదుంప, ఇంకను పైన గడ్డిబయళ్లలో లామా, అల్పాకా మందలు. ఒకే కుటుంబమునకు వేరువేరు ఎత్తులలో పొలములుండుట పూర్వమునుండి కలదు. ఒకచోట మంచు పైరును చంపినను వేరొకచోట తిండి మిగులును. కోస్తాలో బంగాళాదుంప యనుదుము, రాయలసీమలో ఉర్లగడ్డ యందురు, తెలంగాణమున ఆలుగడ్డ యందురు. ఈ మూడు పేర్లలో నొక్కటియు దాని పుట్టిల్లు ఆండీస్ అని చెప్పదు. అనంతపురము రైతును బ్రతికించిన వేరుసెనగకు పుట్టిల్లు బొలీవియా దక్షిణభాగము, దాని పొరుగు సీమలు. లీమాలో 1971లో నెలకొల్పిన అంతర్జాతీయ బంగాళాదుంప పరిశోధన కేంద్రము వేల రకముల దుంపలను భద్రపరచుచున్నది.

కొండవారు దుంపను నిలువ చేయు విధము వినదగినది. రాత్రి గడ్డకట్టు చలిలో దుంపలను పరచుదురు. పగలు ఎండలో మెత్తబడగా కాళ్లతో త్రొక్కి నీరు పిండుదురు. ఇట్లు కొన్ని దినములు చేసి ఎండింతురు. మన ఇండ్లలోని ఒరుగులవంటిదే యిది, చలి తోడయినది మాత్రము విశేషము. దీనిని 'చున్యో' అందురు. ఏండ్ల తరబడి చెడదు. అన్నిటికంటె ముఖ్యముగా, నీరు పోవుటచే తేలికయగును. బరువు మోయు ప్రజలు కనిపెట్టిన తిండి అది. ఆ దేశమున పూర్వము గుఱ్ఱము లేదు, ఎద్దు లేదు, బండిచక్రము లేదు. లామా యను జంతువు ముప్పది కిలోల లోపు మోయును; తక్కినది మనుష్యుని వీపు.

ఇంకా ప్రభువుల మార్గములన్నియు ఆ పాదములకొరకు వేయబడినవే. కొలంబియా మొదలుకొని చిలీ, అర్జెంటీనాల వరకు 30,000 కిలోమీటర్లకు పైగా వ్యాపించిన ఆ మార్గజాలమును 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించెను. బండ్లు పోవు దారి కానందున నిట్టనిలువు కొండకు చుట్టు తిరుగక మెట్లు కట్టిరి. అందందు సత్రములవంటి 'తంబో'లలో ధాన్యము, బట్టలు నిలువ యుంచిరి. వార్తాహరులు కొంతదూరము పరుగెత్తి, నోటిమాటను, ముడులు వేసిన లెక్కత్రాళ్లను మరియొకనికి అందించెడివారు. లోతైన లోయలపై గడ్డితో పేనిన త్రాళ్ల వంతెనలు కట్టిరి. అట్టిది యొకటి అపూరిమాక్ నదిపై కేస్వాచాకా యనుచోట నేటికిని కలదు. చుట్టుప్రక్కల గ్రామములవారు ఏటేట కూడి, ఇంటింట త్రాడు పేని, పాతదానిని తీసి క్రొత్తది కట్టుదురు.

ఆ మార్గములలో మిక్కిలి పేరొందినది మచూ పిచూ అను శిథిల నగరమునకు పోవు దారి. 1911లో హైరమ్ బింగ్‌హామ్ అను అమెరికా ఆచార్యుడు ఆ నగరమును లోకమునకు ఎరుకపరచెను. అతడు పోవునప్పటికే అచ్చటి అరుగుపొలములలో రైతు కుటుంబములు పంట పండించుకొనుచుండెను గనుక, అతడు కనుగొనెనని యనుట సరికాదు. నేడు యాత్రికులు పోవు దారి 40 కిలోమీటర్లకు పైబడినది; నాలుగు దినముల నడక; రెండవ దినమున సుమారు 4,200 మీటర్ల కనుమ దాటవలెను. బ్రాడ్ట్ దంపతుల పుస్తకము వెలువడిన దినములలో అచ్చట అనుమతి పత్రము లేదు, ద్వారము లేదు. తోచినవాడు తోచినట్లు పోవచ్చును.

పిమ్మట వేలకొలది జనము వచ్చిరి. ఒక్క పుస్తకము వలననే వచ్చిరనుట అన్యాయము. విమానములు, వార్తలు, పటములు అందరిని పిలిచినవి. కాని దారి చెప్పు ప్రతి పుస్తకమును ఆ పిలుపులో నొక గొంతే. మరియు వచ్చినవారిలో పెక్కుమంది తమ మూట తాము మోయలేదు. కెచువా భాష మాటలాడు కొండ రైతులు కూలికి మోసిరి. వంటపాత్రలు, గుడారములు, బల్లలు, కుర్చీలు సైతము వారి వీపుననే కనుమ దాటెను. మోతబరువుకు మితి లేక, రాత్రి పడకకు చోటు లేక వారు పడిన పాట్లు బయటపడగా, 2001లో పెరూ ప్రభుత్వము మోతగాండ్ర శాసనము చేసి, మనిషికి 20 కిలోలకు మించరాదని నిర్ణయించెను. దారిలో తూనికకాటాలు వెలసినవి.

హిలరీ బ్రాడ్ట్ ఆ చిన్న పుస్తకముతో ఆరంభమైన ప్రచురణసంస్థను దశాబ్దములపాటు నడపి, జనము అంతగా పోని దేశముల దారులను గూర్చి పుస్తకములు వెలువరించెను. మచూ పిచూ దారియందు నేడు యాత్రికులు, మార్గదర్శకులు, మోతగాండ్రు అందరును కలిసి దినమునకు 500 మందికే అనుమతి. నెలల ముందుగా పేరు వ్రాయించుకొనవలెను. మార్గదర్శకుడు లేనిదే పోనీయరు. ఫిబ్రవరి నెల యంతయు ఆ దారి మూసి యుంచెదరు. అది వానకాలము. ఆ నెలలో పనివారు ఒరిగిన మెట్లరాళ్లను ఎత్తి, అడుగున మన్ను కూరి, మరల పేర్చుదురు.