మెట్ట నుండి లయోలాకు

మిరప, ప్రత్తి పండించు నందిగామ, జగ్గయ్యపేట మెట్ట గ్రామములలో పై చదువనగానే పెద్దల చూపు విజయవాడ వైపు మరలును. అచ్చట జెసూట్ గురువులు 1953లో నెలకొల్పిన ఆంధ్ర లయోలా కళాశాల కలదు. నందిగామ నుండి సుమారు 50 కిలోమీటర్లు. రోజూ పోయి రావచ్చును గదా యని కొందరందురు. పోయి వచ్చుట వేరు, హాస్టలులో ఉండుట వేరు.

వేళకు లేచుట, వేళకు చదువుట మెట్టబిడ్డకు కష్టము కాదు. తెల్లవారుజామునే చేనికి పోవు ఇంటివాడు. అతనిని క్రుంగదీయునది తరగతిలోని మౌనము. ఊరిబడిలో తెలుగున లెక్కలు, శాస్త్రము చక్కగా నేర్చినవాడు, ఇంగ్లీషు పాఠము వినుచు, తెలిసిన జవాబు సైతము పలుకలేక బెంచీ చివరకు జరుగును. చూచువారు మందమతి యనుకొందురు. తండ్రి పంపిన మిరప సొమ్ము తలచుకొని అతడును అట్లే యనుకొనును. ఇది అన్యాయము.

విన్న పాఠమును విద్యార్థులు తమలో తాము మరల అప్పగించుకొనవలెనని జెసూట్లు 1599లో వెలువరించిన విద్యాప్రణాళికలోనే కలదు. నాటి బోధనాభాష లాటిన్. అదియును ఏ పిల్లవానికి ఇంటిభాష కాదు! ఆ పద్ధతినే రాత్రివేళ హాస్టలు గదిలో తెలుగున సాగించినచో, దివిసీమ కుర్రవాడు ఇంగ్లీషు మాట అందించును, జగ్గయ్యపేటవాడు లెక్క విప్పిచెప్పును. అయితే ఈ ఏర్పాటు మొదటి నెలలోనే జరుగవలెను. అర్ధసంవత్సర పరీక్షల నాటికి కొందరు పెట్టె సర్దుకొని ఊరి బస్సు ఎక్కుదురు.