గాలిమర బలమును లెక్కించు విధము



హైదరాబాదులో నారాయణగూడ దాటి చిక్కడపల్లికి పోయినచో నగర కేంద్ర గ్రంథాలయము కనఁబడును. సర్కారు కొలువుల పరీక్షలకై అశోక్‌నగరపు గదులలో నివసించు విద్యార్థు లనేకు లచ్చట లెక్కలు చేయుచుందురు. వారిలో రైతుబిడ్డలును గలరు. వారు చేయు అనులోమానుపాతపు లెక్క, గాలిమర కొనఁదలఁచిన తండ్రికిని అక్కరకు వచ్చును.

అనులోమానుపాతమనఁగా మన పాత త్రైరాశికమే. గాలి మాఱక వీచునపుడు గాలిమర 5 గంటలలో 15,000 లీటర్ల నీరు తోడినచో, 8 గంటలలో 24,000 లీటర్లు తోడును. ఇందుఁ జిక్కు లేదు.

చిక్కు గాలివేగముకడ వచ్చును. గాలి బలము వేగమును బట్టి కాక, వేగముయొక్క ఘనమును బట్టి పెరుఁగును. వేగము రెట్టింపైనచో క్షణక్షణమును రెట్టింపు గాలి చక్రమును దాఁకును. పైఁగా ఆ గాలిలో ప్రతి సేరునకును నాలుగు రెట్ల శక్తి యుండును. రెండు నాలుగు లెనిమిది. సెకనుకు 8 మీటర్ల గాలిలో 800 వాట్లిచ్చు యంత్రము 4 మీటర్ల గాలిలో 400 ఇచ్చునని నమ్మి, అప్పు తెచ్చి కొన్నవాని మడి యెండును. 8 ఘనము 512, 4 ఘనము 64. కావున దొరకునది సుమారు 100 వాట్లే. అమ్మువాఁడు చూపిన అంకె అబద్ధము కాకపోవచ్చును. అది యే వేగమునకు వ్రాసినదో యడుగవలయును.

చక్రపు వ్యాసమునకు వర్గము చాలును: 2 మీటర్ల చక్రమునకు బదులు 3 మీటర్లది పెట్టినచో బలము రెండుంబావు రెట్లగును.

సరాసరి వేగమును నమ్ముటయుఁ బొరపాటే. సగము దినము 2, సగము దినము 6 మీటర్ల గాలి వీచినచో సరాసరి 4, దాని ఘనము 64. కాని 8, 216 అను ఘనముల సరాసరి 112! కాఁబట్టి సంవత్సరపు అంకె గాక నెలనెల అంకెలడుగుఁడు. నైరుతి ఋతుపవనకాలమున, ఆషాఢ శ్రావణములలో, గాలి బలముగా నుండును. అప్పుడు వానయు నుండును. యాసంగి పైరు నీరు కోరు పుష్య మాఘములలో ఆ బలముండదు.

పూర్వపు అనంతపురము జిల్లాలోని రామగిరి కొండలపై 1990ల దశకమున గాలిమరలు నిలిపి విద్యుత్తు తీసిరి. ఆ కొండగాలి అంకెను పల్లపు బావికి వర్తింపఁజేయరాదు. అట్లే 100 మీటర్ల యెత్తున గణించిన వేగముకంటె, బావిగట్టున 10 మీటర్ల స్తంభముమీఁది వేగము తక్కువ. ఆ తక్కువ వేగమునే ఘనము చేసి చూచుకొని, పిమ్మట బయానా ఇయ్యవలెను.