ఆపద అడిగి రాదు: తక్కువ పైసలతో ఇల్లు సిద్ధం చేసుకోవడం

(సమాఖ్య వార్షిక మహాసభలో పాతబస్తీ రిసోర్స్ పర్సన్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాది ఈ సభలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అని లెక్కలు చదువుతాం. ఈసారి నన్ను వేరే విషయం మాట్లాడమన్నారు. అచానక్‌గా ఖర్చు మీద పడితే మనలాంటి ఇళ్లు ఎట్ల తట్టుకోవాలె అన్నది విషయం. నేను పెద్ద చదువు చదివినదాన్ని కాదు. నాకు జరిగింది చెప్తాను, దాని నుంచి మా గ్రూపు నేర్చుకున్నది చెప్తాను.

2020 అక్టోబరు 13, మంగళవారం. ఆ రాత్రి వాన మీకు ఎవరికీ గుర్తు చేయాల్సిన పని లేదు. పల్లె చెరువు నీళ్లు అల్ జుబైల్ కాలనీ మీద పడ్డయి. బండ్లగూడ మహ్మదియా హిల్స్‌లో గోడ కూలి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయినయి. ఇంకా నీళ్లు తీయకముందే 17వ తారీఖు రాత్రి మళ్లీ వాన పడి గుర్రం చెరువు కట్ట తెగింది. హఫీజ్‌బాబానగర్ వైపు జనం రెండోసారి మునిగిండ్రు. మా ఉప్పుగూడ, ఛత్రినాక గల్లీలు కూడా చెరువులే అయినయి.

మాది కింది పోర్షన్, రెండు గదులు, కిరాయి ఇల్లు. మోకాళ్ల దాకా ఉన్న నీళ్లు అరగంటలో నడుము దాకా వచ్చినయి. పిల్లలను పైన ఓనరమ్మ ఇంట్లోకి ఎక్కించినం. తర్వాత నేను కిందికి దిగి ఏం మోసిన్నో తెలుసా? టీవీ. అవును, నవ్వండి. మంచం కింద ట్రంకు పెట్టెలో ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు ఉన్నయి. వాటితోపాటు మన గ్రూపు మినిట్స్ బుక్కు, అప్పుల రిజిస్టరు ఉన్నయి. అవన్నీ వదిలి టీవీ మోసిన. ఆ టీవీ కూడా ఏడాదికే చెడిపోయింది.

మూడో రోజు పెట్టె తెరిస్తే రిజిస్టరులో సిరా మొత్తం కారిపోయి నీలం రంగు అట్టముక్క అయింది. పది మంది సభ్యుల్లో ఆరుగురికి అప్పు ఉంది. ఎవరు ఎన్ని కిస్తీలు కట్టిండ్రో చూపించే కాగితం లేదు. బ్యాంకు స్టేట్‌మెంటు తెచ్చినం. అందులో గ్రూపు ఖాతాలో ఎంత పడ్డదో ఉంటది గానీ, ఏ అక్క చేతి పైసలో ఉండదు. ఒక అక్క నాలుగు కిస్తీలు కట్టిన్నంటది, ఇంకో అక్క నేను చూసింది మూడే అంటది. ఇద్దరూ అబద్ధం ఆడే మనుషులు కాదు. పన్నెండేళ్ల నుంచి ఒకే గిన్నెలో తిన్నోళ్లు రెండు నెలలు మాట్లాడుకోలేదు. చివరికి ఇద్దరు గ్రూపు విడిచి పోయిండ్రు. మిగిలిన ఎనిమిది మందిమి 2,400 రూపాయల తేడాను తలా 300 వేసుకొని లెక్క మూసినం. ఆ తప్పు వానది కాదు. పుస్తకం ఒక్కటే పెట్టి, అదీ మంచం కింద పెట్టిన నాది.

ఇంకో దెబ్బ కూడా తగిలింది. పరుపులు పోయినయి, స్టవ్ పోయింది, చిన్నోడికి జ్వరం. గ్రూపును అడుగుదామంటే లెక్క తేలేదాకా అప్పు ఇవ్వొద్దని తీర్మానం. గిరిగిరి ఫైనాన్స్ దగ్గరికి పోయిన. చేతికి 9,000 ఇచ్చి 10,000 అని రాసుకున్నడు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టిన. అదే 9,000 మన గ్రూపులో రూపాయి వడ్డీకి తీసుకొని నెలకు మూడు వేల అసలు చొప్పున కడితే మొదటి నెల వడ్డీ 90, రెండో నెల 60, మూడో నెల 30. మొత్తం 180 రూపాయలు. అక్కడ వెయ్యి, ఇక్కడ 180. గ్రూపు నిలబడి ఉంటే ఎంత మిగులుతదో ఆ వంద రోజులు రోజూ పొద్దున లెక్క పెట్టుకున్న.

ఇప్పుడు పనికి వచ్చే మాటలు చెప్తాను.

మొదటిది, చేతిలో పైసలు. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి అని టీవీలో చెప్తరు. నెలకు పన్నెండు వేలతో నడిచే ఇంటికి అది 72,000. ఆ అంకె వింటే మనం అసలే మొదలుపెట్టం. అందుకే మా గ్రూపులో 3,000 అనుకున్నం. అర్ధరాత్రి ఆటో, ఒక రక్త పరీక్ష, మందులు, లేదంటే గాజుల పని ఆగిన వారం బియ్యం, పప్పు. అంతవరకు ఆ మూడు వేలు ఆదుకుంటయి. రోజుకు పది రూపాయలు వేస్తే పది నెలలకు మూడు వేలు. అది నిండినంక ఒక నెల కిరాయి, కిరాణా దాకా పెంచుకోవాలె. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి లాడ్‌బజార్ మూతపడ్డప్పుడు, ఒక నెల ఖర్చు దగ్గరున్న ఇల్లు ఎట్ల గడిచింది, లేని ఇల్లు ఎట్ల గడిచింది మనం చూసినం.

రంజాన్ ముందు, పెళ్లిళ్ల సీజన్‌లో చేతి నిండా పని ఉంటది. ఆ రెండు నెలలు రోజుకు పదికి బదులు ముప్పై వేయండి. పని తగ్గినప్పుడు ఐదు వేసినా సరే. డబ్బా ఆగొద్దు.

ఆ పైసలు ఎక్కడ పెట్టాలె? ఐదు వందలు చిన్న నోట్లుగా ఇంట్లో ఉండాలె. కరెంటు పోయి, ఫోన్ చార్జింగ్ లేనప్పుడు స్కానింగ్ బొమ్మ పనికిరాదు. మిగతాది రోజూ ఫోన్‌తో కట్టే ఖాతాలో పెట్టకండి, చాయ్ కింద, మిర్చి కింద పోతది. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా 500 రూపాయలతో తెరుస్తరు. అక్కడ వేయండి.

ఏది ఆపద, ఏది కాదు అన్నది కూడా ముందే ఇంట్లో అందరూ కూర్చొని మాట్లాడుకోవాలె. చుట్టాల దావత్ ఆపద కాదు. బోనాలకు చీర ఆపద కాదు. జూన్‌లో స్కూలు ఫీజు వస్తదని జనవరిలోనే తెలుసు, అది ఖర్చు, దానికి వేరే డబ్బా. ఎదురుచూడకుండా వచ్చేది, ఆగితే నష్టం పెరిగేది ఆపద.

రెండోది, గడప దగ్గర సంచి. జిప్ ఉన్న మందం ప్లాస్టిక్ కవర్‌లో ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, గ్రూపు పాస్‌బుక్కు, గ్యాస్ బుక్కు, పిల్లల సర్టిఫికెట్లు, బీపీ, షుగరు మందుల చీటీ. పెద్ద సంచిలో టార్చి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, దూది, మందు, కొవ్వొత్తి, అగ్గిపెట్టె. నేను కొన్నప్పుడు టార్చికి 100, కవర్‌కు 30, ఇరవై జిరాక్సులకు 40, నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లకు 80, దూది, మందుకు 60, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెకు 20. మొత్తం 330 రూపాయలు. సంచి మంచం కింద కాదు, గోడకు ఎత్తులో మేకుకు తగిలించాలె. జిరాక్సుల సెట్టు ఒకటి ఎత్తు మీద ఉన్న వేరే బస్తీలో చుట్టాల ఇంట్లో పెట్టాలె. 2020 వరదల తర్వాత ప్రభుత్వం ఇంటికి 10,000 సాయం ప్రకటించింది. నవంబరులో దరఖాస్తులకు జనం బారులు కట్టిండ్రు. ఎన్నికల కోడ్‌తో అదీ మధ్యలో ఆగింది. కాగితం చేతిలో ఉన్నోళ్లు ముందు రోజే పెట్టుకున్నరు, వెతుక్కునేటోళ్లు వెనకబడ్డరు.

మూడోది, బీమా. ప్రధానమంత్రి జీవన జ్యోతి ఏడాదికి 436 రూపాయలు, 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరొచ్చు. సురక్ష బీమా ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 దాకా, ప్రమాదాలకు. రెండూ కలిపి 456, నెలకు 38 రూపాయలు. మొదటిదాంట్లో ఏ కారణంతో పోయినా, రెండోదాంట్లో ప్రమాదంలో పోతే ఇంటికి 2 లక్షలు వస్తయి. ఇక్కడ ఒక దుఃఖం చెప్పాలె. మా బస్తీలో ఒక చెల్లె భర్తకు బీమా ఉండె. మే నెలాఖరున ప్రీమియం కోసుకునే రోజు ఖాతాలో 210 రూపాయలే ఉన్నయి. ప్రీమియం కట్ కాలేదు, ఎవరూ చూసుకోలేదు. ఆగస్టులో ఆయన గుండెపోటుతో పోయిండు. 226 రూపాయలు తక్కువైనందుకు రెండు లక్షలు పోయినయి. ఆ చెల్లె ఈ సభలోనే ఉన్నది, చెప్పమని ఆమెనే అన్నది. అందుకే ఏప్రిల్ మీటింగులో ఒక్కొక్కరి ఖాతా చూసుడు మా గ్రూపులో ఎజెండా అయింది. నామినీ పేరు కూడా అప్పుడే చూస్తున్నం.

నాలుగోది, దవాఖాన. ఆరోగ్యశ్రీ కింద ఇప్పుడు ఇంటికి ఏడాదికి 10 లక్షల దాకా వైద్యం ఉన్నది. కానీ ఆ జాబితాలో ఉన్న దవాఖానలోనే. మీ ఇంటికి దగ్గరలో ఏది ఉన్నదో ఈరోజే కనుక్కొని గోడ మీద రాయండి. రాత్రి రెండింటికి ఆటోలో కూర్చొని వెతుకుడు కాదు. లోపలికి పోగానే ఆరోగ్యమిత్ర కౌంటరు అడగండి. ఆపరేషను ఉచితమైనా, తోడు ఉన్న మనిషి తిండి, పోయిన కూలి ఎవరూ ఇయ్యరు. ఆ మూడు వేలు అక్కడ పనికొస్తయి.

ఐదోది, ఇల్లు. మన ఇళ్లు ఇరుకు, మెట్లు ఒక్కటే, కింద దుకాణం, పైన సంసారం. 2025 మే 18న గుల్జార్‌హౌజ్ దగ్గర మంటల్లో 17 మంది పోయిండ్రు, అందులో చిన్నపిల్లలున్నరు. మెట్ల మీద సామాన్లు, సైకిళ్లు పెట్టకుండా ఉండడానికి పైసా ఖర్చు లేదు. గ్యాస్ రబ్బరు పైపు మీద రాసిన తేదీ చూడండి, పాతదైతే మార్చండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్ ముట్టొద్దు, కిటికీ తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలె. నీళ్లు గడప దాటుతున్నయంటే ముందు మెయిన్ స్విచ్ ఆపాలె, తర్వాత సిలిండర్ రెగ్యులేటర్ తీయాలె. స్విచ్ దాకా నీళ్లొస్తే మాత్రం దాని దగ్గరికి పోవద్దు, 1912కు చెప్పాలె. అంబులెన్సుకు 108, పోలీసులకు, ఫైరుకు 112. ఈ నంబర్లు పిల్లలకు కంఠతా రావాలె.

ఆఖరిది, గ్రూపు. మనకు పంచసూత్రాలు ఉన్నయి: క్రమం తప్పని మీటింగు, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. మా గ్రూపు అక్కలు వీటికి రెండు పనులు కలిపిండ్రు. ఒకటి, మీటింగు అయిపోగానే ఆ రోజు రాసిన పేజీలన్నీ ఫొటో తీసి వాట్సాప్‌లో అందరికీ పంపుడు. పుస్తకం మునిగినా ఎనిమిది ఫోన్లలో లెక్క ఉంటది. రెండోది, నెలకు మనిషికి 50 రూపాయలు ఆపద నిధి. ఎనిమిది మందికి నెలకు 400, ఏడాదికి 4,800. దీనికి మీటింగు దాకా ఆగేది లేదు. ముగ్గురు సభ్యులు ఫోన్‌లో సరే అంటే 3,000 దాకా గంటలో చేతికి ఇస్తం. మూడు నెలల్లో తిరిగి కట్టాలె, వడ్డీ లేదు. పోయిన ఏడాది రెండుసార్లు ఇచ్చినం, రెండుసార్లు తిరిగి వచ్చినయి. ఆ ఇద్దరు అక్కలు గిరిగిరికి పోలేదు, బంగారం గిర్వి పెట్టలేదు.

అక్కలారా, 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఈ నగరంలో వేలమంది కొట్టుకుపోయిండ్రు. అఫ్జల్‌గంజ్ దవాఖాన తోటలో చింతచెట్టు ఎక్కినోళ్లు బతికిండ్రు. ఆ చెట్టు ఇప్పటికీ ఉన్నది. ఆ తర్వాతనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టిండ్రు. అయినా 2025 సెప్టెంబరులో గేట్లు ఎత్తితే ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చినయి. చెరువులు, నాలాలు బాగుచేయమని మనం సర్కారును అడగాలె, అడుగుతనే ఉందాం. కానీ ఆ రాత్రి నీళ్లొచ్చినప్పుడు మన చేతికి అందేది గోడకు తగిలించిన సంచి, పక్కింటి అక్క చెయ్యి.

అందుకే ఈ సభ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. రిజిస్టరు పేజీల ఫొటోలు, ఏప్రిల్‌లో బీమా ఖాతాల తనిఖీ, ఆపద నిధి, ఈ మూడింటినీ మన సమాఖ్యలోని ప్రతి గ్రూపూ వచ్చే మీటింగులో తీర్మానం చేసి మినిట్స్‌లో రాయాలని కోరుతున్నాను. ఇంటికి పోయినంక ఈ రాత్రి చేయాల్సింది ఒక్కటే: ట్రంకు పెట్టె మంచం కింద నుంచి బయటికి తీయండి.