సైనికుడి కన్నీరు
(సూరత్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను క్రైస్తవుణ్ణి. నా విశ్వాసం నాకు నేర్పిన ఒక్క మాట మీతో పంచుకుంటాను.

యూనిఫాం వేసుకున్నవాడు ఏడవకూడదని మనకెవరూ ఆర్డరు ఇవ్వలేదు. అయినా ట్రైనింగ్ రోజుల నుంచీ అదే నమ్మాం. 2005లో మా అమ్మ ప్రభువునందు నిద్రించింది. నేను ఇల్లు చేరేసరికే సమాధి కార్యక్రమం అయిపోయింది. ఒక్క చుక్క కన్నీరు రాలేదు. "గట్టివాడు" అన్నారంతా. గుండె రాయి చేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాను.

2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ నీరు వదిలాక తాపీ నది పొంగి ఈ సూరత్ నగరం చాలా భాగం మునిగింది. త్రివిధ దళాలూ సహాయానికి దిగాయి. మా బోటు అడాజన్ వైపు వెళ్ళింది. ఒక మేడ మీద పవర్‌లూమ్ పనికి వచ్చిన తెలుగువాళ్ళు కనిపించారు. "అమ్మా, భయపడకు, మెల్లగా దిగు" అంటూ ఒక ముసలమ్మకు చెయ్యి అందించాను. తెలుగు వినగానే ఆమె బావురుమంది. "మీ అమ్మ మంచిగున్నదా కొడుకా?" అనడిగింది. జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి క్యాంపులో దుప్పటి ముసుగేసుకుని ఏడాది బాకీ తీర్చుకున్నాను.

తర్వాత బైబిలులో మొదటి సమూయేలు 30వ అధ్యాయం కొత్తగా అర్థమైంది. దావీదు, అతని మనుషులు తిరిగొచ్చేసరికి సిక్లగు కాలిపోయి ఉంది. భార్యాబిడ్డలను శత్రువులు పట్టుకుపోయారు. యుద్ధాల్లో ఆరితేరినవాళ్ళు, ఏడ్చే ఓపిక కూడా లేకుండా పోయేదాకా ఏడ్చారు. దావీదు దేవునియందు ధైర్యం తెచ్చుకుని 600 మందితో బయలుదేరాడు. 200 మంది అలసి బెసోరు వాగు దగ్గర ఆగిపోయారు. మిగతా 400 మందితో వెళ్ళి అందరినీ విడిపించుకొచ్చాడు. ఆగిపోయినవారికీ సమానంగా వాటా ఇప్పించాడు. తాను ఏడ్చినవాడు గనుకే అలసినవాడి కష్టం తెలిసింది.

లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసీ యేసు ప్రభువు కన్నీరు కార్చాడు. నిరీక్షణ ఉన్నవాడికీ ఏడుపు వస్తుంది. మన కన్నీళ్ళను దేవుడు బుడ్డిలో దాచి లెక్క రాసుకుంటాడని 56వ కీర్తన చెబుతుంది. మన స్టోర్సు లెడ్జరులో తేడాలు రావచ్చు గానీ, ఆ లెక్కలో ఒక్క చుక్క తప్పదు.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు ఒక్క మనవి. బ్యారక్‌లో తోటివాడు కళ్ళు తుడుచుకుంటుంటే నవ్వకండి, పక్కన కూర్చోండి. ఇంటికి ఫోను చేసినప్పుడు గొంతు పూడుకుపోతే పెట్టేయకండి. అవతల అమ్మకు అంతా అర్థమవుతుంది.

 జై హింద్.